మోటారు బండిలో పలికిన పెట్టె

రాత్రివేళ పల్లెబాటపై సాగే ఎడ్లబండిని ఎరిగినవారికి దాని సంగీతమూ తెలిసియుంటుంది. ఎడ్ల మెడలలోని గంటలు, ఇరుసు కిర్రుమనే సవ్వడి, తోలేవాని కూనిరాగం కలిసి ఒకే పాటగా వినవచ్చేవి. బండి చప్పుడు పాటకు అడ్డుతగిలేది కాదు. దానికి శ్రుతిగా అమరిపోయేది. మోటారు బండి వచ్చిన తరువాత ఈ సఖ్యం చెడినది. మోటారు ఇంజనుకూ రేడియోకూ పుట్టుకతోనే వైరం. ఆ వైరాన్ని తీర్చడానికి పాశ్చాత్య దేశాలలో పనివారు ఎన్నో ఏండ్లు శ్రమించినారు. వారి శ్రమ ఫలితం ఎక్కడో చికాగో నగరంలో ఆగిపోలేదు. మాతృభూమికి వెలుపల స్థిరపడిన మనవంటి తెలుగు కుటుంబాల వాకిటికి కూడా వచ్చినది. ఆ చరిత్రను, దానిలోని పనితనాన్ని నాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తాను.

వైరానికి మూలం

జర్మనీ దేశపు శాస్త్రవేత్త హైన్రిఖ్ హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరాలలో విద్యుత్ తరంగాల ఉనికిని నిరూపించినాడు. ఆయన వాడిన సాధనం రెండు లోహపు గుండ్ల నడుమ పుట్టించిన నిప్పురవ్వ. రవ్వ ఎగసినప్పుడల్లా గదిలో దూరంగా ఉన్న మరొక తీగచుట్టలో చిన్న రవ్వ కనిపించేది. పిదప మార్కోనీ సముద్రాల మీదుగా సందేశాలు పంపినది కూడా తొలినాళ్లలో ఈ రవ్వల సాయంతోనే. అంటే నిప్పురవ్వ ఎక్కడ ఎగసినా అక్కడ ఒక చిన్న ప్రసారకేంద్రం వెలసినట్లే.

పెట్రోలు ఇంజను నడిచేది ఆ రవ్వలతోనే అన్న సంగతి ఇప్పుడు గమనించండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, దానిలో నిమిషానికి 6000 రవ్వలు, అనగా సెకనుకు 100 రవ్వలు పుడతాయి. ఒక్కొక్క రవ్వకు వెనుక వేలకొలది వోల్టుల ఒత్తిడి ఉంటుంది. దూరపు ఊరినుండి వచ్చే ప్రసారం ఏరియల్‌ను చేరేసరికి వోల్టులో లక్షల వంతులకు పలచబడుతుంది. ఇంత సన్నని స్వరాన్ని వినవలసిన పెట్టెను, సెకనుకు నూరుమార్లు అరిచే యంత్రానికి రెండు మూడు అడుగుల దూరంలో కూర్చోబెట్టడం ఎటువంటి సాహసమో ఊహించవచ్చు. సంతలో నిలబడి చెవిలో చెప్పిన గుసగుసను వినబోయినట్లే ఉండేది.

1920ల ఆరంభంలోనే అమెరికాలో ఉత్సాహవంతులు కొందరు కార్లలో రేడియోలు అమర్చి చూచినారు. ఆ పెట్టెల కోసం ఎన్నో బ్యాటరీలు మోయవలసి వచ్చేది. వాల్వులలోని తీగలను వేడిచేయడానికి ఒకటి, వాటి పలకలకు ఎక్కువ వోల్టులు అందించడానికి 45 వోల్టుల బ్యాటరీల వరుస వేరొకటి. పైకప్పులో వలవంటి ఏరియల్ పరచవలసినదే. బండి ఆపితే పాట వినిపించేది. ఇంజను తిప్పితే టకటక రొద దానిని మింగివేసేది. బండి ఆపిన తరువాత పలికే పెట్టె ఇంట్లో ఉన్నా ఒకటే, బండిలో ఉన్నా ఒకటే.

రెండుమార్లు నష్టపోయినవాని పట్టుదల

ఈ చిక్కును విప్పి, సామాన్యుడు కొనగల కారు రేడియోను అంగడిలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు పాల్ గాల్విన్. ఆయన ఇలినాయి రాష్ట్రంలో 1895లో పుట్టినాడు. మిత్రునితో కలిసి నడిపిన బ్యాటరీల వ్యాపారం ఒకటికి రెండుమార్లు మూతపడినది. రెండవసారి మూతపడినప్పుడు ఆస్తులు వేలానికి వచ్చినవి. ఇంటి కరెంటుతో రేడియోను నడిపించే ఒక చిన్న సాధనపు తయారీ హక్కును ఆ వేలంలోనే 750 డాలర్లకు తిరిగి కొని, తమ్ముడు జోసెఫ్‌తో కలిసి 1928 సెప్టెంబరులో చికాగోలో కొత్త సంస్థను ప్రారంభించినాడు. మరుసటి ఏడే అమెరికాలో ఆర్థికమాంద్యం విరుచుకుపడినది. ఇంటి రేడియోలే నేరుగా కరెంటుతో నడిచేవి రావడంతో, ఆ చిన్న సాధనానికి కూడా గిరాకీ తగ్గసాగినది.

అప్పుడు గాల్విన్ దృష్టి కారు రేడియోవైపు మళ్లినది. విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ మొదలైన నేర్పరులు ఆ పనిలో తోడైనారు. ఎక్కడ రొద పుడుతున్నదో ఒక్కొక్కటిగా వెదకి, దాని నోరు దానికే మూయించడం వారి పద్ధతి. స్పార్క్ ప్లగ్గుల తీగలలో నిరోధకాలను చేర్చినారు. డైనమోకు కండెన్సర్లు కట్టినారు. తీగలకు లోహపు తొడుగులు వేసినారు. ఇంజను, బానెట్, చాసీ వేర్వేరుగా ఉండి ఒకదాని రొదను మరొకటి వెదజల్లకుండా అల్లిన రాగిపట్టీలతో కలిపి బంధించినారు.

1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల మహాసభ జరిగినది. అక్కడ అంగడి పెట్టుకొనే స్తోమత గాల్విన్‌కు లేదు. తన స్టూడీబేకర్ కారులోనే పెట్టెను అమర్చుకొని, చికాగో నుండి సుమారు 800 మైళ్లు నడుపుకొంటూ పోయి, సభాభవనం వెలుపల కారు నిలిపి, వచ్చేపోయేవారికి పాట వినిపించినాడు. ఆర్డర్లు వచ్చినవి. సంస్థ నిలిచినది. ఆ పెట్టె ధర 110 నుండి 130 డాలర్లు; ఆనాటి చౌకకారు ధరలో ఇది సుమారు నాలుగో వంతు. మోటారు అన్న మాటకు, ఆ కాలపు పాటపెట్టెల పేర్లకు చివర వచ్చే ‘ఓలా’ అన్న తోకను తగిలించి దానికి ‘మోటరోలా’ అని నామకరణం చేసినాడు. 1947లో సంస్థకే ఆ పేరు స్థిరపడినది.

ఈ సందర్భంలో ఒక కథ చెప్పుకొంటారు. అప్పు కోసం ఒక బ్యాంకు అధికారిని ఆశ్రయించిన గాల్విన్, నమూనాగా ఆయన కారులో రేడియో అమర్పించినాడట. అరగంటలో ఆ కారుకు నిప్పంటుకొన్నదట. అప్పు మాట వేరే చెప్పనక్కరలేదు. కథలో నిజమెంతైనా నీతి మాత్రం నేటికీ చెల్లుతుంది. కారులో పాటపెట్టె అమర్చే పనిలో తీగ ఒరిపిడికి తగిలే చోటు, ఫ్యూజు లేని చోటు అగ్నిదేవునికి పిలుపు.

రొద తగ్గిన తరువాత

ఐరోపాలో తొలి కారు రేడియో 1932లో జర్మనీలో బ్లౌపుంక్ట్ వారు తెచ్చినారు. పరీక్షలో నెగ్గిన చెవిగొట్టాలపై నీలిచుక్క పెట్టే ఆచారం వల్ల ఆ సంస్థకు ‘నీలిచుక్క’ అనే అర్థంగల ఆ పేరు వచ్చినది. ఆ పెట్టె బరువు సుమారు 15 కిలోలు. ధర చిన్నకారు ధరలో మూడో వంతు. డ్రైవరు అందుకోలేని చోట దానిని పెట్టవలసి వచ్చినందువల్ల, స్టీరింగు కాడకు బిగించిన మీటతో దూరంనుండే నడిపేవారు.

బ్యాటరీల బరువును తగ్గించినది వైబ్రేటరు అనే చిన్న పరికరం. కారు బ్యాటరీలోని 6 వోల్టుల విద్యుత్తును అది సెకనుకు నూరుసార్లకు పైగా తెంపి కలుపుతూ ఉంటుంది. అట్లా తెగి కలిసే ప్రవాహాన్ని ట్రాన్స్‌ఫార్మరు 200 వోల్టులకు మించి పెంచుతుంది. ఇక వేరే బ్యాటరీల వరుసతో పనిలేదు. అయితే ఆ వైబ్రేటరు జుమ్ముమని తానే ఒక రొద పుట్టించేది. దానిని మళ్లీ లోహపు డబ్బాలో బంధించవలసి వచ్చినది. ఒక రొదను అణచబోతే మరొకటి తలయెత్తడం ఈ చరిత్రలో పొడుగునా కనిపిస్తుంది.

పెద్దల అభ్యంతరాలు కూడా లేకపోలేదు. పాట వింటూ డ్రైవరు దారి మరచిపోతాడని 1930 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలోను, సెయింట్ లూయీ నగరంలోను కారు రేడియోలను నిషేధించాలన్న ప్రతిపాదనలు వచ్చినవి. అవి నిలువలేదు. నేడు కారు నడుపుతూ ఫోను పట్టుకొనేవారిని చూచి మనం గొణుగుకొన్నట్లే ఆనాటివారూ గొణుగుకొన్నారు.

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు ఈ కథను మలుపు తిప్పినది. 1955లో క్రిస్లర్, ఫిల్కో సంస్థలు వాల్వులు లేని కారు రేడియోను ప్రకటించినవి. వైబ్రేటరుకు సెలవు లభించినది. మీట తిప్పగానే, వేడెక్కేదాకా ఆగకుండా, పెట్టె పలకసాగినది. ఇంచుమించు ఆ రోజులలోనే అమెరికా కార్లలో 6 వోల్టుల స్థానంలో 12 వోల్టుల బ్యాటరీ స్థిరపడినది. కాని కొత్త చిక్కొకటి పొంచియున్నది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ధనధ్రువాన్ని బండి శరీరానికి కలిపేవారు. ఇతర దేశాలవారు చాలావరకు ఋణధ్రువాన్ని కలిపేవారు. ధ్రువం తారుమారైతే వైబ్రేటరు పెట్టెలలో చాలావరకు ఓర్చుకొనేవి. ట్రాన్సిస్టరు పెట్టె మరుక్షణమే మాడిపోయేది.

పిమ్మట టేపుల కాలం వచ్చినది. గాల్విన్ వద్ద పనిచేసిన లియర్ ఎనిమిది బాటల టేపుపెట్టెను రూపొందించగా, ఫోర్డు వారు 1966 నమూనా కార్లలో దానికి చోటిచ్చినారు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన చిన్న కాసెట్టు మాత్రం లోకమంతటా నిలిచినది. వేవరింగ్ తరువాతి కాలంలో మోటరోలా సంస్థకు అధ్యక్షుడైనాడు. డైనమోకు మారుగా వచ్చిన ఆల్టర్నేటరు రూపకల్పనలో ఆయనకు ముఖ్యపాత్ర కలదు. ఆ ఆల్టర్నేటరే కారు స్పీకర్లలో సన్నగా ఈలవేసే కొత్త రొదకు తల్లి కావడం విధివిలాసం.

మన బండిలో, మన భాష

మదరాసులో ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైనది. అరవంతోపాటు తెలుగు కూడా అక్కడినుండి వినవచ్చేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వెలసినది. వీటి మీడియం వేవు ప్రసారాలు పగలు కొద్ది దూరమే పోయేవి. సూర్యాస్తమయం కాగానే, తరంగాలను పీల్చివేసే ఆకాశపు కింది పొర కరగిపోతుంది. పై పొర వాటిని అద్దంవలె తిరిగి నేలకు పంపుతుంది. అందువలన పగలు మూగపోయిన కేంద్రం రాత్రి వందల మైళ్ల అవతల పలుకుతుంది. రాష్ట్రాల సరిహద్దులు ఆ పొరకు తెలియవు. హోసూరులోను, బరంపురంలోను, బెంగుళూరులోను ఉన్న తెలుగువారు రాత్రి భోజనాలైన తరువాత రేడియో ముల్లును మెల్లమెల్లగా తిప్పుతూ తమ భాష కోసం వెదకుకొనేవారు.

మాది హోసూరు. 1970లలో మా తండ్రిగారికి ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. దానిలో ఒక రేడియో. అప్పటికి రేడియోకు తపాలాఫీసులో లైసెన్సు కట్టే రోజులు పోలేదు. ఆ లైసెన్సులు 1980లలో రద్దయినవి. మేము బడిలో చదివినది అరవం. వీధిలో మాటలాడినది అరవం, కన్నడం కలిసిన తెలుగు. నిండైన తెలుగు వాక్యం మా చెవిన పడేది రాత్రి ప్రయాణాలలో, ఆ పెట్టెనుండి మాత్రమే. కృష్ణగిరినుండి తిరిగివచ్చే దారిలో మా నాయనమ్మ వెనుక సీటులో ముందుకు వంగి, వార్తలు చదివేవారి పలుకును మాచేత తిరిగి చెప్పించేది. ఒత్తు తప్పితే మళ్లీ చెప్పించేది.

ఒకమారు కారుకు కొత్తరంగు వేయించినాము. బండి తళతళలాడుతూ వచ్చినది. రేడియో మాత్రం పాడైనది. ఇంజను ఆపితే పాట, తిప్పితే గురగుర. రంగువేసిన కార్ఖానావారిని అడిగితే పెట్టె పాతబడినదని, కొత్తది కొనుక్కోవలసినదేనని చెప్పినారు. దాని ధర మాకు అందేది కాదు. నాలుగు నెలలు మా రాత్రి ప్రయాణాలు మూగగా సాగినవి. నాయనమ్మ ఆ నెలలలో వెనుకకు చేరగిలబడి కూర్చునేది. చివరకు మా ఊరి ముసలి మెకానిక్ ఒకాయన వచ్చినాడు. ఇంజను నడుస్తుండగానే రేడియో వెనుకనుండి ఏరియల్ తీగ ఊడబెరికినాడు. రొద ఠక్కున ఆగినది. ఆయన నవ్వి, ‘పెట్టెలో ఏమీ లేదయ్యా, బండే దాని చెవిలో అరుస్తా ఉంది’ అన్నాడు. బురదరేకు కింద ఏరియల్ మొదలు చుట్టూ పరచుకొన్న కొత్తరంగును గరుకు కాగితంతో గీకి, మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది మరల బిగించినాడు. ఇంజనునుండి శరీరానికి పోయే రాగిపట్టీని కార్ఖానావారు తీసి మళ్లీ సరిగా బిగించనేలేదు, దానినీ బిగించినాడు. ఆ రాత్రి విజయవాడ పలికినది. కూలి ఎంతని మా తండ్రిగారు అడిగితే, గరుకు కాగితం వెల ఇమ్మన్నాడు.

లోపం వెదకే క్రమం

ఆ ముసలివాడు చేసిన పని, చికాగోలో నలభై ఏండ్లకు పూర్వం గాల్విన్ మనుషులు చేసిన పని ఒకటే. దానికొక క్రమం కలదు. నేటి కార్లకూ చాలవరకు అదే వర్తిస్తుంది.

మొదట ఇంజను ఆపి వినవలెను. అప్పుడూ రొద ఉంటే అది వెలుపలిది, లేక పెట్టెలోనిది. ఇంజనుతో పుట్టి ఇంజనుతో ఆగితే అది బండిదే. వేగంతోపాటు టకటక పెరిగితే రవ్వలది. ఈలవలె స్థాయి పెరిగితే డైనమోది లేక ఆల్టర్నేటరుది. గతుకులలో మాత్రమే కరకరలాడితే ఎక్కడో వదులైన కీలుది. పిదప ఏరియల్ ఊడదీయవలెను. రొద ఆగితే అది ఏరియల్ దారిన వస్తున్నది. ఆగకపోతే విద్యుత్తు తీగ దారిన గాని, ఎర్తు దారిన గాని వస్తున్నది.

పెట్టె అసలే పలకకపోతే ముందు చూడవలసినది ఫ్యూజు. అది పోయినదంటే కారణం ఉండితీరుతుంది. కారణం వెదకకుండా దాని స్థానంలో లావుపాటి తీగనో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితాన్నో చుట్టడం, కావలివాడు అరుస్తున్నాడని వాని నోరు కట్టివేయడమే. 12 వోల్టులపై 60 వాట్లు లాగే పెట్టెకు 5 ఆంపియర్ల ప్రవాహం కావలెను; తీగ లావు, ఫ్యూజు కొలత దానిని బట్టే ఉండవలెను. పెద్ద ఆంప్లిఫయరుకు బ్యాటరీనుండి నేరుగా తీగ లాగితే ఫ్యూజును బ్యాటరీకి దగ్గరలోనే పెట్టవలెను. ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ లేదు గదా. నేటి పెట్టెలలో సాధారణంగా పసుపు తీగ ఎల్లప్పుడూ విద్యుత్తు అందుకొనేది, ఎరుపు తాళంచెవి తిప్పినప్పుడు అందుకొనేది, నలుపు ఎర్తు. రంగును నమ్మి కలుపక మీటరుతో చూచి కలపడం మేలు. మనకు ముందు ఆ బండిలో ఎవరు చేయిపెట్టినారో మనకు తెలియదు.

స్పీకరుపై అనుమానముంటే దాని తీగలు విప్పి 1.5 వోల్టుల టార్చి బ్యాటరీని ఒక్క క్షణం తాకించిన చాలును. టిక్కుమంటే అది బ్రతికియున్నది. ఇక అన్నిటికంటె ఎక్కువమంది మరచేది ఎర్తు. రంగుపై బిగించిన మరకు ఎర్తు లేనట్లే. తీగ ఎంత మంచిదైనా, ఇనుమును తాకని చోట ఫలితం సున్న.

తిరిగివచ్చిన పాత శత్రువు

రవ్వలు లేని విద్యుత్ కార్లు వచ్చినవి గదా, ఇక ఈ వైరం ముగిసినదని అనుకోవచ్చు. అట్లా జరుగలేదు. వాటి మోటార్లను నడిపే సాధనాలు భారీ ప్రవాహాలను సెకనుకు వేలమార్లు తెంపి కలుపుతాయి. ఆ రొద సరిగా మీడియం వేవుపైనే పడుతుంది. కొందరు తయారీదారులు తమ విద్యుత్ కార్లలో మీడియం వేవును తీసివేయడమే సులువని భావించినారు. ఫోర్డు సంస్థ 2023లో తన కొత్త కార్లనుండి దానిని తొలగించ సంకల్పించి, ఆపదవేళ హెచ్చరికలు అందేది దానిద్వారానే అన్న ఆందోళన చెలరేగగా, ఆ ఏటి మేలోనే మనసు మార్చుకొన్నది. ప్రతి కారులోను మీడియం వేవు ఉండితీరవలెనన్న బిల్లు కూడా ఆ ఏడే అమెరికా చట్టసభలో ప్రవేశపెట్టబడినది. గాల్విన్ తరం రొదను అణచడానికి పూనుకొన్నది; ఈ తరంలో కొందరు వినడమే మానుకొందామన్నారు.

మన పిల్లలకు నేడు ఫోనులో కోరిన తెలుగుపాట కోరిన క్షణాన పలుకుతున్నది. అది ఆనందించదగినదే. అయినా పాత కారును అమ్మవలసి వచ్చినప్పుడు మా తండ్రిగారు దానిలోని రేడియోను విప్పి దాచినారు. అది ఇప్పుడు నా బల్లపై 12 వోల్టుల బ్యాటరీకి కట్టియున్నది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో ముల్లు తిప్పుతాను. రొదల నడుమనుండి ఒక్కొక్కనాడు తెలుగు వాక్యమొకటి తేలివస్తుంది. అప్పుడు నా మనుమరాలిని పిలిచి, ఆ వాక్యాన్ని తిరిగి చెప్పమంటాను. ఒత్తు తప్పితే మళ్లీ చెప్పిస్తాను.